ఆగి నిలబడే ధైర్యం

(విజయనగరంలో మాజీ సైనికులు, కళాశాల విద్యార్థులు కలిసి జరుపుకున్న సభలో, వాయుసేనలో హెలికాప్టర్ ఇంజన్ల మెకానిక్‌గా పనిచేసి పదవీ విరమణ పొందిన వక్త చేసిన ప్రసంగ పాఠం.)

పెద్దలకు నమస్కారం. పిల్లలకు ఆశీస్సులు. వెనక నిలబడ్డవాళ్ళు లోపలికి రండి. ముందు వరస ఖాళీగానే ఉంది. మనవాళ్ళకు తుపాకీ అంటే భయం లేదు కానీ మొదటి వరస కుర్చీ అంటే ఎందుకో భయం.

నన్ను పిలిచినవారు యుద్ధంలో వీరత్వం గురించి మాట్లాడమన్నారు. అది చాలా పెద్ద విషయం. నేను ఇంజన్లు విప్పి బిగించినవాడిని. అందుకని నాకు దగ్గరగా తెలిసిన ఒక్క మనిషి గురించే మాట్లాడతాను. యుద్ధభూమిలో గాయపడిన సైనికుడిని తీసుకురావడానికి వెళ్ళే హెలికాప్టర్ పైలట్ గురించి.

యుద్ధవిమానానికి వేగమే కవచం. శత్రువు గురి చూసేలోపు దాటిపోతుంది. హెలికాప్టర్‌కు ఆ వేగం ఎలాగూ లేదు. పైగా గాయపడినవాడిని ఎక్కించుకోవాలంటే ఉన్న కాస్త వేగాన్నీ వదులుకోవాలి. దిగాలి, లేదా గాలిలో ఒకేచోట నిలబడాలి. స్ట్రెచర్ లోపలికి వచ్చేదాకా కదలకూడదు. చుట్టూ పొంచి ఉన్న తుపాకులకు అంతకన్నా సులువైన గురి ఉండదు. ఆ మనిషి అక్కడికి తెలిసే వెళతాడు, తెలిసే ఆగుతాడు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఆగడం గురించే.

ఆగడంలో యంత్రం తాలూకు కష్టం కూడా ఉంది. సైకిల్ తొక్కినవాళ్ళందరికీ తెలుసు, కదిలే సైకిల్ మీద కూర్చోవడం తేలిక, ఆగిన సైకిల్ మీద కాలు కింద పెట్టకుండా కూర్చోవడమే కష్టం. హెలికాప్టర్ ముందుకు పోతున్నప్పుడు ఎదురు వచ్చే గాలి రోటర్‌కు, అంటే పైన తిరిగే రెక్కలకు, కొంత సాయం చేస్తుంది. ఒకేచోట నిలిపితే ఆ సాయం పోతుంది, బరువంతా ఇంజన్ మీదే పడుతుంది. ఎడమ చేతి కింద ఒక లివర్, కుడి చేతిలో స్టిక్, కాళ్ళ కింద తోక రోటర్ పెడల్స్. ఒకటి కదిపితే మిగిలిన రెండూ సరిచేయాలి. చెవుల్లో రేడియో. బయట తూటాలు. ఆ సమయంలో ఇంజన్ ఆగిపోతే? ఎత్తులో, వేగంలో ఉన్న హెలికాప్టర్ ఇంజన్ ఆగినా రెక్కలు గాలికి తిరుగుతూనే ఉంటాయి, పైలట్ నేర్పుగా దించగలడు. యాభై అడుగుల ఎత్తున కదలకుండా నిలబడ్డవాడికి ఆ నేర్పు చూపించే వ్యవధే ఉండదు.

ఇంకొక శత్రువు ఎండ. వేడెక్కిన గాలి పలచబడుతుంది, పలచని గాలిలో రెక్కలకు పట్టు తగ్గుతుంది. విజయనగరంలో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. పొద్దున ఆరు గంటలకు ముగ్గురిని లేపిన యంత్రం మధ్యాహ్నం రెండు గంటలకు ఇద్దరితోనే ఆయాసపడవచ్చు. కొండమీద పలచటి గాలి, అడవిలో ఉక్క, ఈ రెండింటితోనూ ఇదే లెక్క. గాయపడినవాళ్ళు ముగ్గురుంటే, లెక్క ఇద్దరినే అనుమతిస్తే, ఎవరిని వదిలి రావాలో నిర్ణయించాల్సింది కూడా ఈ మనిషే.

ఈ పని ఎక్కడ మొదలయిందో వింటే మీలో పెద్దవాళ్ళకు ఆశ్చర్యం కలుగుతుంది. బర్మాలో. మన ఉత్తరాంధ్ర నుంచి ఎన్ని కుటుంబాలు రంగం, అంటే రంగూన్, వెళ్ళాయి! 1942లో జపాన్ సేన బర్మాలోకి వస్తే ఎంతోమంది కొండలు, అడవులు దాటి కాలినడకన వెనక్కి వచ్చారు. ఆ ఏడాది ఏప్రిల్ 6న జపాన్ బాంబులు విశాఖపట్నం మీదే పడ్డాయి. అంటే ఆ యుద్ధం మన గుమ్మం దాకా వచ్చింది. మనవాళ్ళు దాటి వచ్చిన బర్మా అడవుల్లోనే, రెండేళ్ళ తరువాత, 1944 ఏప్రిల్‌లో ఒక చిన్న విమానం కూలింది. అందులో ఒక అమెరికా పైలట్, గాయాలతో, జబ్బుతో ఉన్న ముగ్గురు బ్రిటిష్ సైనికులు. చుట్టూ జపాన్ బలగాలు. విమానం దిగేందుకు చోటు లేదు.

అప్పటికి అమెరికా వాయుసేన మన అస్సాంలోని లాలాఘాట్‌కు కొన్ని హెలికాప్టర్లు తెచ్చింది. సికోర్‌స్కీ కంపెనీ తయారుచేసిన వైఆర్-4. వాటిని చూసి అప్పటి పైలట్లే నవ్వేవారట. ఇంజన్ శక్తి సుమారు 180 హార్స్‌పవర్. పైలట్‌తో పాటు ఒక్క మనిషిని మోయగలదు, అదీ వాతావరణం కరుణిస్తే. కార్టర్ హార్మన్ అనే యువ లెఫ్టినెంట్ దాన్ని కొండల మీదుగా దశలు దశలుగా నడిపి ముందు స్థావరానికి చేర్చాడు. దూరం సరిపోదని అదనపు ఇంధన ట్యాంకు బిగించుకున్నాడు. దగ్గరలో నది ఒడ్డున ఒక ఇసుక తిన్నె ఉంది, అక్కడ చిన్న విమానం దిగగలదు. హార్మన్ అడవిలోకి వెళ్ళి ఒకరిని తెచ్చి తిన్నె మీద దించాడు. మళ్ళీ వెళ్ళి రెండోవాడిని తెచ్చాడు. అంతలో ఆ ఉక్కకు, ఆ శ్రమకు ఇంజన్ వేడెక్కి మొరాయించింది. ఆ రాత్రి శత్రువుల మధ్య ఆ తిన్నె మీదే గడిపాడు. మర్నాడు ఇంజన్ చల్లారాక మిగిలిన ఇద్దరినీ తెచ్చాడు. యుద్ధంలో హెలికాప్టర్ మనుషులను కాపాడడం అదే మొదటిసారి. తేదీలు 1944 ఏప్రిల్ 25, 26.

ఈ కథ విన్నప్పుడు మా మెకానిక్‌ల మనసు రెండో రోజు పొద్దున దగ్గర ఆగిపోతుంది. నిన్న తనను మోసం చేసిన ఇంజన్‌ను మళ్ళీ నమ్మి, మళ్ళీ అదే ఇరుకు ఖాళీలోకి దిగాడే, అక్కడ. అన్నట్టు ఈ హార్మన్ యుద్ధం తరువాత పత్రికల్లో సంగీతం గురించి రాశాడు, స్వయంగా స్వరాలు కూర్చాడు.

కొరియా యుద్ధంలో, అంటే 1950 నుంచి 1953 వరకు, ఈ పని ఒక పద్ధతిగా మారింది. గాజు బుడగ లాంటి ముందు భాగం ఉన్న బెల్ హెలికాప్టర్లకు బయట రెండు పక్కలా స్ట్రెచర్లు కట్టేవారు. గాయపడినవాడు లోపల కాదు, బయట పడుకుని గాలిలో ప్రయాణించేవాడు. శస్త్రచికిత్స చేసే డేరా ఆసుపత్రికి గంటల ప్రయాణం నిమిషాలకు తగ్గింది.

ఆ యుద్ధంలోనే జాన్ కెల్విన్ కోల్ష్ అనే నౌకాదళ పైలట్ ఉన్నాడు. 1951 జూలై 3 సాయంత్రం శత్రువుల వెనక ఒక విమానం కూలిందని, పైలట్ కాలిన గాయాలతో ఉన్నాడని కబురు వచ్చింది. కొండల మీద మబ్బు దట్టంగా ఉంది. రక్షణగా రావలసిన యుద్ధవిమానాలకు ఆ మబ్బులో దారి లేదు. ఆయుధం లేని హెలికాప్టర్‌తో కోల్ష్ మబ్బు కిందికి దిగాడు. కింద నుంచి కాల్పులు మొదలయినా పైలట్‌ను వెతికి, అతని పైన నిలబెట్టి, తాడు వదిలాడు. తోటి సిబ్బంది జార్జ్ నీల్ ఆ గాయపడినవాడిని పైకి లాగుతుండగానే హెలికాప్టర్‌కు దెబ్బ తగిలి కొండ మీద కూలింది. ముగ్గురూ బతికారు. తొమ్మిది రోజులు దాక్కుంటూ, గాయపడినవాడిని మోసుకుంటూ సముద్రతీరం వైపు నడిచారు. చివరికి దొరికిపోయారు. బందీగా ఉన్నా కోల్ష్ ముందు గాయపడినవాడికి వైద్యం చేయించమని పట్టుబట్టాడు. తన తిండి ఇతరులకు పంచాడు. ఆ అక్టోబరులో శిబిరంలోనే చనిపోయాడు. అమెరికాలో అత్యున్నత శౌర్య పతకం పొందిన మొదటి హెలికాప్టర్ పైలట్ అతనే.

గమనించారా, ఆ ప్రయత్నం విఫలమయింది. కాపాడడానికి వెళ్ళినవాడే చనిపోయాడు. వీరగాథలు చెప్పేటప్పుడు మనం గెలిచినవే ఏరుకుంటాం. ఈ వృత్తిలో అలా ఏరుకుంటే సగం మనుషులు జారిపోతారు.

వియత్నాం గురించి చెప్పాలంటే ఈ సాయంత్రం చాలదు. హ్యూయీ అనే హెలికాప్టర్ ఆ యుద్ధానికి గుర్తుగా నిలిచింది. మేజర్ చార్లెస్ కెల్లీ అనే పైలట్ 1964 జూలై 1న గాయపడినవాళ్ళ కోసం దిగాడు. కాల్పులు ఎక్కువగా ఉన్నాయి, వెళ్ళిపొమ్మని కింద ఉన్నవాళ్ళే రేడియోలో చెప్పారు. మీ గాయపడినవాళ్ళు ఎక్కాకే వెళతానని జవాబిచ్చాడు. ఒక్క తూటా అతని ప్రాణం తీసింది. ఆ తరువాత వచ్చిన వైద్య హెలికాప్టర్ పైలట్లకు ఆ జవాబే నియమంలా మారింది.

వాళ్ళలో ప్యాట్రిక్ బ్రాడీ ఒకడు. 1968 జనవరి 6. లోయ నిండా పొగమంచు. దిగబోయిన వేరే హెలికాప్టర్లు దిగలేకపోయాయి. బ్రాడీ ఏం చేశాడంటే, హెలికాప్టర్‌ను పక్కకు తిప్పి, కిటికీ తెరిచి, తన రోటర్ గాలి మంచును చెదరగొట్టే కోణంలో మెల్లగా అడ్డంగా నడిపాడు. ఆ చెదిరిన సందులోంచి కింద కాలిబాట కనబడింది. దాన్ని పట్టుకుని శత్రువు పక్క నుంచే లోపలికి వెళ్ళాడు. ఆ ఒక్క రోజు మూడు హెలికాప్టర్లు మార్చాడు, ఎందుకంటే ఒక్కొక్కటి ఎగరలేనంతగా చిల్లులు పడేది. మూడింటికీ కలిపి 400 పైచిలుకు రంధ్రాలు. 51 మందిని తెచ్చాడు. ఇందులో తెగువ ఎంత ఉందో తెలివి అంత ఉంది. పొగమంచులో కళ్ళు మూసుకుని దూకినవాడు కాదు, మంచును జరపడానికి ఉపాయం పన్నినవాడు.

అంతకు రెండేళ్ళకు పైగా ముందు, 1965 నవంబరు 14న, యా డ్రాంగ్ లోయలో వైద్య హెలికాప్టర్లు దిగలేమన్న చోటికి బ్రూస్ క్రాండల్, ఎడ్ ఫ్రీమన్ అనే ఇద్దరు వెళ్ళారు. రవాణా పైలట్లు వాళ్ళు, గాయపడినవాళ్ళను తేవడం వాళ్ళ బాధ్యత కూడా కాదు. మందుగుండు దించి గాయపడినవాళ్ళను ఎక్కించుకుని రోజంతా తిరిగారు. ఫ్రీమన్‌కు అత్యున్నత పతకం 2001లో, క్రాండల్‌కు 2007లో వచ్చింది. సర్కారు ఫైలు ఎక్కడైనా సర్కారు ఫైలే! (సభలో నవ్వులు)

ఒక బాబు చెయ్యి ఎత్తాడు. అడుగు నాయనా. ... మంచి ప్రశ్న. వెనకవాళ్ళకు వినబడలేదేమో, మళ్ళీ చెబుతాను. "వియత్నాంలో అమెరికా చేసింది తప్పు కదా, వాళ్ళ పైలట్లను ఎందుకు పొగుడుతున్నారు?" అంటున్నాడు. యుద్ధం తప్పా ఒప్పా అన్నది ఆ యుద్ధానికి ఆజ్ఞ ఇచ్చినవాళ్ళను అడగాల్సిన ప్రశ్న, గట్టిగా అడగాల్సిన ప్రశ్న. నేను పొగుడుతున్నది చంపడానికి కాక తేవడానికి వెళ్ళినవాళ్ళను. నీ ప్రశ్నకు ఇంకా సరైన జవాబు హ్యూ థాంప్సన్. 1968 మార్చి 16న మైలై అనే ఊళ్ళో అమెరికా సైనికులే నిరాయుధులైన పల్లెజనాన్ని చంపుతున్నారు. పైనుంచి చూసిన థాంప్సన్ తన చిన్న హెలికాప్టర్‌ను ఆ సైనికులకూ పారిపోతున్న జనానికీ మధ్య దించాడు. వీళ్ళు జనం మీద కాల్పులు జరిపితే వీళ్ళ మీదే కాల్చమని తన సిబ్బందికి చెప్పి, ఒంటరిగా నడుచుకుంటూ వెళ్ళి ఆ జనాన్ని బయటికి పిలిచాడు. వాళ్ళను వేరే హెలికాప్టర్లలో ఎక్కించి పంపాడు. శవాల గుంటలోంచి ప్రాణంతో ఉన్న ఒక పసివాడిని తీయించి ఆసుపత్రికి చేర్చాడు. చాలాకాలం స్వదేశంలోనే అతన్ని ద్రోహి అన్నారు. పతకం 1998లో ఇచ్చారు. నేను ఈ సాయంత్రం చెప్పిన వారందరిలోనూ నాకు ఎక్కువ ఇష్టుడు ఇతనే.

ఇక మన సంగతి. 1971 డిసెంబరులో మేఘనా నది మీద వంతెన కూలిపోతే మన ఎంఐ-4 హెలికాప్టర్లు సైన్యాన్నే నది దాటించాయి. గ్రూప్ కెప్టెన్ చందన్ సింగ్ నాయకత్వం. ఆ కథ మీ అందరికీ తెలిసిందే, ఎక్కువ చెప్పను.

చెప్పాల్సింది జాఫ్నా. 1987 అక్టోబరు 11 రాత్రి, శ్రీలంకలో మన శాంతి సేన జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో ఎంఐ-8 హెలికాప్టర్లతో జవాన్లను దించింది. ప్రత్యర్థులు, అంటే ఎల్‌టీటీఈ వాళ్ళు, ముందే సిద్ధంగా ఉన్నారు. దిగిన ప్రతి హెలికాప్టర్ మీదా కాల్పులే. దెబ్బతిన్న హెలికాప్టర్లతో పైలట్లు మళ్ళీ వెళ్ళారు. చివరికి ఇక ఎగరగల యంత్రాలు లేక దించడం ఆపేయాల్సి వచ్చింది. అప్పటికే దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ దళంలో 30 మంది. వాళ్ళలో 29 మంది పోయారు, ఒకరు బందీగా దొరికారు. తిరిగి వెళ్ళాలని ఉండి, వెళ్ళేందుకు యంత్రం లేని రాత్రి అది. మనదగ్గర జాఫ్నా పేరెత్తితే పైలట్లు తలదించుకోరు, కానీ మాట తగ్గిస్తారు.

సియాచిన్ నా ఇంజన్ల ఊరు. 1984 ఏప్రిల్ 13న మన సైనికులను బిలాఫాండ్ లా కనుమ మీద దించినవి చీతా హెలికాప్టర్లే. అప్పటినుంచి ఆ మంచులో ఉన్న జవాన్లకు కిందికి రావడానికి అత్యవసర దారి హెలికాప్టరే. అక్కడ చాలామందిని తూటా కాదు, ఎత్తు చంపుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మందులు కొంతే పనిచేస్తాయి, అసలు వైద్యం కిందికి దించడమే. ఇరవై వేల అడుగుల దగ్గర గాలి మన దగ్గరి గాలిలో సుమారు సగం చిక్కదనంతో ఉంటుంది. చీతాకు ఒక్కటే ఇంజన్, ఆర్టూస్ట్. మంచు దిబ్బ మీద హెలిప్యాడ్ అంటే భోజనాల బల్ల కన్నా కాస్త పెద్దది. పైలట్ స్కిడ్లను, అంటే చక్రాలకు బదులు ఉండే గొట్టాలను, మంచు మీద తేలికగా ఆనించి, బరువంతా రోటర్ మీదే ఉంచి, ఇంజన్ ఆపకుండా నిలబెడతాడు. ఆపితే మళ్ళీ అంటుకుంటుందన్న నమ్మకం లేదు. కొన్ని సెకన్లలో రోగిని ఎక్కించాలి. ఆ ఒక్క మనిషి బరువు కోసం ముందే ఇంధనం లెక్కగా తగ్గించుకుని వస్తారు. అంటే దారిలో గాలి ఎదురయినా, మబ్బు మూసినా, చుట్టు తిరిగేందుకు మిగులు ఉండదు.

ఈ చీతాకు మాతృక అయిన ఫ్రెంచి లామా హెలికాప్టర్‌ను 1972లో జాన్ బూలే అనే పైలట్ 12,442 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్ళాడు. ప్రపంచ రికార్డు. పైన ఆ చలికి ఇంజన్ ఆరిపోయింది. ఇంజన్ లేకుండానే నేల దాకా దింపాడు. ఇంజన్ మెకానిక్‌గా నాకు ఈ కథ నచ్చకూడదు, కానీ నచ్చుతుంది.

లేహ్ చలిలో తెల్లవారకముందే మా పని మొదలయ్యేది. బ్యాటరీలను రాత్రి వెచ్చటి గదిలో ఉంచి పొద్దున తెచ్చి బిగించేవాళ్ళం. రెక్కల మీద మంచు పొర ఉంటే తీసేవాళ్ళం. చేతి తొడుగు తీస్తే లోహం చర్మాన్ని పట్టుకునేది, తీయకపోతే చిన్న నట్టు వేళ్ళకు అందేది కాదు. అన్నీ చూశాక, యంత్రం ఎగరడానికి సిద్ధమని చెప్పే 700 ఫారం మీద మేము సంతకం పెట్టాలి, దాని కింద పైలట్ సంతకం పెడతాడు. వాళ్ళలో కొందరు మా సంతకం మీద తమ సంతకం పెట్టేటప్పుడు ఒకసారి మా మొహం చూసేవారు. ఏమీ అడిగేవారు కాదు.

కార్గిల్ 1999. మే 27న మిగ్-27 నడుపుతున్న నచికేత ఇంజన్ ఆగి పారాచూట్‌తో దూకాడు. స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజా తన మిగ్-21తో అక్కడినుంచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళకుండా, కాపాడే హెలికాప్టర్లకు చోటు చెప్పడం కోసం తోటివాడు ఎక్కడ పడ్డాడో వెతికాడు. క్షిపణి తగిలింది, ఆయన తిరిగి రాలేదు. మర్నాడు, మే 28న, తోలోలింగ్ దగ్గర రాకెట్లు ప్రయోగిస్తున్న మన ఎంఐ-17ను భుజం మీద పెట్టి కాల్చే క్షిపణి కూల్చింది. స్క్వాడ్రన్ లీడర్ రాజీవ్ పుందిర్, ఫ్లైట్ లెఫ్టినెంట్ ముహిలన్, సార్జెంట్ పి.వి.ఎన్.ఆర్. ప్రసాద్, సార్జెంట్ రాజ్ కిశోర్ సాహు. నలుగురూ పోయారు. క్షిపణిని దారి మళ్ళించే ఫ్లేర్లు ఆ హెలికాప్టర్‌కు లేవు. నాకు ఇక్కడ కోపం వస్తుంది, దాచుకోను. మనవాళ్ళ ధైర్యాన్ని పొగడడం చాలా సులువు, ఖర్చు లేనిది. ఒక పరికరం సమయానికి బిగించడానికి మాత్రం డబ్బు, ఫైలు, ముందుచూపు కావాలి. చీతాలు కూడా అంతే. 1970లలో మొదలయిన యంత్రాన్ని దశాబ్దాల తరబడి అంత ఎత్తుకు పంపుతూ, పైలట్ నేర్పుతో సరిపెట్టుకున్నాం. పైలట్ నేర్పు యంత్రం లోటును పూడ్చే మట్టి కాదు.

ఆ కార్గిల్ రోజుల్లోనే ఫ్లైట్ లెఫ్టినెంట్ గుంజన్ సక్సేనా, ఫ్లైట్ లెఫ్టినెంట్ శ్రీవిద్య రాజన్ యుద్ధ ప్రాంతంలో చీతాలు నడిపారు. గాయపడినవాళ్ళను తెచ్చారు. మొదటి వరసలో కూర్చున్న అమ్మాయిలూ, మీకే చెబుతున్నాను. కోరుకొండ సైనిక్ స్కూల్ 1962 నుంచి మనకు కూతవేటు దూరంలో ఉంది, మన పిల్లలు అక్కడినుంచి ఎందరో సైన్యంలోకి వెళ్ళారు. వెళ్ళాలనుకునేవాళ్ళు లెక్కలు, భౌతిక శాస్త్రం వదలకండి. నేను చెప్పిన బరువు లెక్క, ఇంధనం లెక్క, గాలి లెక్క అంతా అక్కడే ఉంది. కళ్ళు కాపాడుకోండి, ఫోను కాస్త తగ్గించండి.

సమయం అయిందని అధ్యక్షులు సైగ చేస్తున్నారు. ఒక్క మాట, ఇది మనకు పనికొచ్చేది. తుఫాను వచ్చినప్పుడు, తిత్లీ లాంటిది ఉద్దానం మీద మళ్ళీ పడినప్పుడు, విశాఖ నుంచి నౌకాదళం హెలికాప్టర్లు వస్తాయి. పైలట్‌కు మనం చేయగలిగిన సాయం ఇది. దిగే చోట రేకులు, టార్పాలిన్లు, ఎండుతాటాకులు ఉంటే ముందే తీసేయండి, రోటర్ గాలికి అవి లేచి రెక్కలకు తగులుతాయి. కరెంటు తీగల కింద ఎప్పుడూ పిలవకండి, పైనుంచి తీగ కనబడదు. దిగాక పైలట్ చెయ్యి ఊపేదాకా దగ్గరికి వెళ్ళకండి. వెళ్ళేటప్పుడు ముందు నుంచి, పైలట్‌కు కనబడేలా, వంగి వెళ్ళండి. తోక వైపు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, ఆ చిన్న రోటర్ తిరుగుతుంటే కంటికి కనబడదు. వాలు నేల అయితే పల్లం వైపు నుంచే వెళ్ళాలి, మెరక వైపు రెక్కలు తల ఎత్తుకు వస్తాయి. ముసలివాళ్ళను, గర్భిణులను ముందు ఎక్కించండి. పైలట్ ఇక చాలు అన్నాడంటే చాలు. ఇంకొక్కరిని అని బతిమాలకండి, ఆయన దగ్గర లెక్క ఉంటుంది. మళ్ళీ వస్తాడు.

ప్రశ్నలుంటే బయట టీ దగ్గర అడగండి. నమస్కారం.